శ్రుతి దించిన పాట: జానపద రాక్ గాయకులు ఏళ్ల తర్వాత తిరిగొస్తే ఆ ఆల్బమ్‌లు అంత నెమ్మదిగా, గంభీరంగా ఎందుకుంటాయి?

తార్నాకలో మా వీధి చివరి ఇంటి డాబా మీద ఒక రేకుల గది ఉంది. పోయిన చలికాలం నుంచి ఆ గది గోడలకు పాత బొంతలు వేలాడుతున్నాయి. చలికి కాదు, గొంతు గోడలకు తగిలి తిరిగి రాకుండా ఉండటానికి. లోపల 58 ఏళ్ల మనిషి ఒళ్లో గిటారు పెట్టుకుని తీగలు సవరించుకుంటూ ఉంటాడు. కాలేజీ రోజుల నుంచి బ్యాండు నడిపాడు. అమ్మమ్మ ఊరి పాటలకు డ్రమ్ములూ ఎలక్ట్రిక్ గిటారూ కట్టి 32 ఏళ్ల వయసులో ఒక క్యాసెట్టు తెచ్చాడు. అది కోఠి దుకాణాల్లో కొన్నాళ్లు అమ్ముడైంది, ఆ తర్వాత ఆబిడ్స్ ఆదివారం బజారులో పాత పుస్తకాల పక్క గుట్టలోకి చేరింది. ఆపైన ఉద్యోగం, ఇంటి అప్పు, పిల్లల చదువులు. ఇరవై ఆరేళ్ల తర్వాత ఇప్పుడు మళ్ళీ పాడుతున్నాడు. పేరు రాయవద్దన్నాడు కాబట్టి, రోజూ పిలిచినట్టే ఇక్కడ కూడా అన్న అనే అంటాను.

నేను మొదటిసారి ఆ గదిలోకి వెళ్లిన రోజు, ఆయన ఆరు తీగలనూ రెండు మెట్ల మేర కిందికి దించుతున్నాడు. అన్నిటికంటే లావు తీగ వదులైపోయి, మీటినప్పుడల్లా మెట్లకు తగిలి గరగరమంటోంది.

"ఏమన్నా, గొంతు బాగా లేదా?" అన్నాను.

"గొంతుకేం, బాగానే ఉంది తమ్ముడూ. పై షడ్జమే ఇల్లు మారింది." అంటే, ఒకప్పుడు అందిన పై సా ఇప్పుడు అక్కడ అందడం లేదని.

చాలాకాలం మౌనంగా ఉండి తిరిగొచ్చిన గాయకుల ఆల్బమ్‌ల మీద సమీక్షలు చదివేవాళ్లకు కొన్ని మాటలు కంఠతా వచ్చేసి ఉంటాయి. లోతు పెరిగింది, అంతర్మథనం వినిపించింది, జీవితానుభవం పండింది. ఆ మాటలు అబద్ధమని అనను. కానీ వాటిలో సగానికి సగం ఆ వదులైన లావు తీగ దగ్గర మొదలవుతాయని నా అభిప్రాయం. ఆలోచన వల్ల పాట నెమ్మదించిందని మనం అనుకుంటాం. చాలాసార్లు ఊపిరి వల్ల పాట నెమ్మదిస్తుంది, ఆ నెమ్మదిలోకి ఆలోచన తర్వాత వచ్చి కూర్చుంటుంది. ఈ చిక్కుముడిని కొంచెం విప్పి చూద్దాం.

ముందుగా పేరు సంగతి. హైదరాబాదులో రాక్ అంటే చాలామందికి గుర్తొచ్చేవి సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి బండరాళ్లు, వాటిని పగలగొట్టి కట్టిన అపార్ట్‌మెంట్లు. ఊరి పాటలకు ఎలక్ట్రిక్ గిటారూ డ్రమ్ములూ కట్టే జానపద రాక్ వయసు అందులో లెక్కలోకి రాదు. 1965 వేసవిలో అమెరికాలో ఇది పేరు తెచ్చుకుంది. ద బర్డ్స్ అనే బృందం పన్నెండు తీగల ఎలక్ట్రిక్ గిటారుతో జానపద ధోరణి పాటలను హిట్ చేసింది. అదే ఏడాది జులై 25న న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో జానపద గాయకుడిగా పేరున్న బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుని వేదికెక్కితే, జనంలో కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు గోల చేశారు. నాలుగేళ్లకు బ్రిటన్‌లో ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ బృందం పాత ఇంగ్లీషు గాథాగేయాలకు డ్రమ్ములు కట్టింది. మన దేశంలో 1975లో కలకత్తాలో మొహీనేర్ ఘోరాగులి, 1990లో ఢిల్లీలో ఇండియన్ ఓషన్ అనే బృందాలు ఆ దారి పట్టాయి. చరిత్ర ఇంతవరకు చాలు. మనకు కావలసింది ఆ తరం వాళ్లు ముసలివాళ్లయ్యాక ఏం చేశారన్నది.

అందరిలోకీ నన్ను కదిలించిన కథ షర్లీ కాలిన్స్‌ది. ఇంగ్లండు జానపద గాయని, 1935లో పుట్టింది. ఆమె భర్త ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ స్థాపకుల్లో ఒకడు. 1970ల చివర ఆ కాపురం విచ్ఛిన్నమైంది. ఆ దిగులులో ఆమె వేదిక మీద నిలబడితే గొంతు పెగలని స్థితి వచ్చింది. దీన్ని వైద్యులు డిస్ఫోనియా అంటారు. మాట్లాడగలదు, పాడబోతే మాత్రం స్వరపేటిక మూసుకుపోతుంది. 1978 తర్వాత ఆమె నుంచి ఆల్బమ్ రాలేదు. బతకడానికి వేరే ఉద్యోగాలు చేసుకుంది. 38 ఏళ్లు గడిచాక, 2016లో, 81 ఏళ్ల వయసులో కొత్త ఆల్బమ్ తెచ్చింది. స్టూడియోకు వెళ్లాలంటే జంకి, దాన్ని సొంత ఇంట్లోనే రికార్డు చేయించుకుంది. యవ్వనంలోని ఆమె గొంతు ఊరి చెరువులో నీళ్లలా తేటగా ఉండేది. 81లో ఆ గొంతు బాగా కిందికి దిగింది, అంచులు అరిగాయి, వాక్యాల మధ్య ఊపిరి వినిపిస్తుంది. పాడినవి మాత్రం అవే పాత గాథలు, హత్యలూ ఓడలూ శాపాలూ. ఆమె తన జీవితం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. అయినా విన్నవాళ్లందరూ అందులో ఆమె జీవితాన్నే విన్నారు.

నా వాదనకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. మాటల్లో ఆత్మకథ లేకపోయినా గొంతులో ఉంటుంది.

కెనడా గాయని జోనీ మిచెల్‌కైతే తూకం వేసి చూసుకునే వీలుంది, ఎందుకంటే ఆమె ఒకే పాటను మూడు వయసుల్లో పాడింది. 'బోత్ సైడ్స్ నౌ' అనే ఆ పాట 1969లో, ఆమెకు 25 ఏళ్లప్పుడు, ఒక్క గిటారుతో సన్నని గొంతులో రికార్డయింది. మబ్బులను ఆ వైపు నుంచీ చూశాను ఈ వైపు నుంచీ చూశాను అని పాతికేళ్ల పిల్ల అంటే, ముద్దుగా ఉంటుంది గానీ నమ్మబుద్ధి కాదు. 2000లో వాద్యబృందంతో మళ్ళీ పాడింది. చిన్నప్పటి నుంచీ తాగిన సిగరెట్లు ఆ గొంతును బాగా కిందికి లాగేశాయి. పాత పాట దూకుతూ వెళ్లిన చోట కొత్త పాట ఆగి ఆగి నడుస్తుంది. 2015లో మెదడులో రక్తనాళం ఉబ్బి చిట్లి, నడకా మాటా మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. 2022 జులైలో న్యూపోర్ట్ ఉత్సవంలో 78 ఏళ్ల వయసులో కుర్చీలో కూర్చుని అదే పాట పాడింది. సాహిత్యం అదే, అర్థం మూడుసార్లు మారింది. ఆ మార్పుకు కలం కారణం కాదు.

ఇక శరీరం సంగతి. స్వరతంత్రులు అంటే గొంతులో ఉండే రెండు కండర మడతలు. వయసు పైబడితే ఆ కండరం పలచబడుతుంది, పైపొర బిరుసెక్కుతుంది, చుట్టూ ఉన్న మృదులాస్థి ఎముకలా గట్టిపడుతుంది. రెండు మడతలు పూర్తిగా కలుసుకోవు, మధ్యలో సందు మిగిలి గాలి జారిపోతుంది. మనం జీర అనేది ఆ గాలినే. ఊపిరితిత్తుల పట్టు ముప్పై దాటాక మెల్లమెల్లగా తగ్గుతూ వస్తుంది. కాబట్టి ఒకప్పుడు ఒక్క గుక్కలో పాడిన చరణాన్ని ఇప్పుడు రెండు మూడు చోట్ల విరవాలి. ఎక్కడ విరవాలన్నది గాయకుడి తెలివి. పదం మధ్యలో విరిస్తే అది దగ్గు, భావం దగ్గర విరిస్తే అది ఆలోచన.

ఒక తమాషా ఉంది. వయసు పెరిగితే గొంతు బరువెక్కుతుందని మన నమ్మకం. ఆడవాళ్ల విషయంలో అది చాలావరకు నిజమే, ముట్లుడిగాక వాళ్ల గొంతు దిగుతుంది. మగవాళ్లకు ముసలితనంలో కండరం సన్నబడి, మాట్లాడే గొంతు కొంచెం పైకి పోవడమే ఎక్కువగా జరుగుతుంది. మీ తాతగారు ఫోనులో మాట్లాడితే అమ్మమ్మ అనుకున్న సందర్భాలు గుర్తు తెచ్చుకోండి. మరి రికార్డుల్లో ముసలి గాయకుల గొంతు అంత గంభీరంగా ఎలా వినిపిస్తుంది? ఇక్కడే మైకు మాయ ఉంది. ఒక దిక్కు నుంచే శబ్దాన్ని పట్టే మైకుకు నోరు బాగా దగ్గరగా తెస్తే, కింది స్వరాలు ఉన్నదానికంటే పెద్దవై వినిపిస్తాయి. ఇది మైకు నిర్మాణంలోనే ఉన్న గుణం. కుర్రాడు అరుస్తాడు కాబట్టి మైకుకు దూరంగా నిలబడాలి. పెద్దాయన అరవలేడు కాబట్టి పెదవులు ఆనించి పాడతాడు. దానితో మంద్రం ఉబ్బుతుంది, నాలుక కదలిక, ఉమ్మి మింగిన చప్పుడు కూడా వినిపిస్తాయి, మనకేమో చెవిలో రహస్యం చెబుతున్నట్టు ఉంటుంది. కెనడా కవి, గాయకుడు లెనర్డ్ కోహెన్ 2016 నాటి, తాను బతికుండగా వచ్చిన చివరి ఆల్బమ్‌ను లాస్ ఏంజిలిస్‌లోని ఇంటి హాలులో, వెన్నునొప్పితో ప్రత్యేకమైన కుర్చీలో కూర్చుని పాడాడు. రికార్డు అక్టోబరులో వచ్చింది, ఆయన నవంబరు 7న పోయాడు. ఆ ఆల్బమ్‌లోని గాంభీర్యాన్ని మరణచింతన అంటారు. అది నిజమే. దాని పక్కనే ఆ కుర్చీనీ, నోటికి దగ్గరగా పెట్టిన ఆ మైకునూ కూడా నిలబెట్టాలని నా విన్నపం.

అన్న ఇవన్నీ చదివి తెలుసుకోలేదు. బొంతల గదిలో మైకును మూరెడు దూరం నుంచి బెత్తెడు దూరానికి జరిపినప్పుడు హెడ్‌ఫోన్లలో తన గొంతు విని, "నేను కాదు, మా నాన్న పాడుతున్నాడు" అన్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇంతకీ ముసలితనం ఈ పాటల్లో ఎందుకు ఇమిడిపోతుంది? మామూలు రాక్ గాయకుడు డెబ్బైలో తోలు జాకెట్టు వేసుకుని దూకితే మనకు అతని మోకాళ్ల మీద దిగులు పుడుతుంది. జానపదంలో ఆ ఇబ్బంది లేదు. మన దగ్గర చూడండి. తంబూర పట్టుకుని వీరబ్రహ్మంగారి తత్త్వాలు పాడే మనిషికి నెరిసిన గడ్డం లోటు కాదు, అర్హత. పాతికేళ్ల కుర్రాడు తోలుబొమ్మ ఈ దేహం అని పాడితే "ముందు ఉద్యోగం చూసుకో నాయనా" అంటారు. ముందు నుంచీ ముసలి గొంతుల కోసం ఒక అరుగు వేసిపెట్టిన సంప్రదాయం ఇది. రాక్ వైపు నుంచి వచ్చినవాడు వయసు మీరాక ఆ అరుగు మీదికి జరిగి కూర్చుంటాడు. తిరిగి రావడం అని మనం అంటున్నది చాలాసార్లు ఈ జరగడమే.

అసలు తిరిగి రావాలంటే ముందు వెళ్లిపోవాలి కదా. మన జానపద గాయకుల్లో వెళ్లిపోయినవాళ్లు తక్కువ. 1997 కాల్పుల్లో దిగిన ఒక తూటా ఒంట్లోనే ఉండిపోయినా, 2023 ఆగస్టులో కన్నుమూసేదాకా గద్దర్ పాట వదలలేదు. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు, దానికి ముందు సినిమా పాటలో ఆయన గొంతు మోగినప్పుడు, ఎవరూ ఆయన తిరిగొచ్చాడని అనలేదు. ఆయన ఎక్కడికీ పోలేదు, మనమే ఆలస్యంగా వెళ్లాం. వెళ్లిపోవడం, తిరిగి రావడం అనేవి రికార్డులతో, ఒప్పందాలతో, ప్రచారంతో నడిచే వ్యాపారంలోనే ఉంటాయి. వాష్తీ బన్యన్ అనే ఇంగ్లండు గాయని 1970లో తెచ్చిన తొలి ఆల్బమ్ అమ్ముడుపోక సంగీతమే మానేసింది. దశాబ్దాల తర్వాత ఇంటర్నెట్‌లో సొంత పేరు వెతుక్కుంటే, ఆ రికార్డు కోసం జనం వెతుకుతున్నారని తెలిసింది. రెండో ఆల్బమ్ 2005లో వచ్చింది. ఆ మధ్య 35 ఏళ్లూ ఆమె పిల్లలను పెంచుకుంది. బజారు దాన్ని అజ్ఞాతవాసం అని పేరు పెట్టి అమ్మింది.

వీటన్నిటికంటే నాకు నచ్చిన రాక మొహీనేర్ ఘోరాగులిది. ఆ బృందం 1981లో చెదిరిపోయింది. 1995 కలకత్తా పుస్తక ప్రదర్శనలో వాళ్ల పేరుతో ఒక ఆల్బమ్ వచ్చింది. పేరు 'ఆబార్ బొఛోర్ కుడి పొరే', అంటే మళ్ళీ ఇరవై ఏళ్ల తర్వాత అని, బెంగాలీ కవి జీవనానంద దాస్ కవితలోని మాట. చాలా పాటలు పాడింది కుర్రవాళ్లే. బృందాన్ని నడిపిన గౌతమ్ చటోపాధ్యాయ తన పాటలను తనే పాడి గొంతు నిరూపించుకోవాలని చూడలేదు, కొత్త బృందాలకు పంచిపెట్టాడు. నాలుగేళ్లకు ఆయన పోయాడు, పాటలు బెంగాలీ కాలేజీ పిల్లల నోళ్లలో ఉండిపోయాయి.

అన్న ఆల్బమ్‌లో అన్నిటికంటే పెద్ద తగాదా ఒక రోకటి పాట దగ్గర వచ్చింది. నల్లగొండ జిల్లాలోని వాళ్ల అమ్మమ్మ వడ్లు దంచుతూ పాడిన పాట. క్యాసెట్టులో ఆయన దాన్ని డ్రమ్ములతో పరుగెత్తించాడు. ఇప్పుడు ఒక్క గిటారు, వెనక తంబూర శ్రుతి, సువ్వీ అన్న మాట దగ్గర పొడవైన నిట్టూర్పు. వింటే కళ్లు చెమర్చాయి. ఇదే అసలు రూపం, ఆ రోజుల్లో డ్రమ్ములు దీన్ని పాడుచేశాయి అనుకున్నాను. సంక్రాంతికి ఊరి నుంచి వచ్చిన వాళ్ల పిన్ని విని నవ్వింది. "ఇంత నెమ్మదిగా దంచితే పొయ్యి మీదికి బియ్యం ఎప్పుడొస్తాయిరా?"

ఆ ఒక్క మాటతో నా సమీక్షా పాండిత్యం ఎగిరిపోయింది. రోకటి పాట వేగాన్ని నిర్ణయించేది పాడేవాళ్ల మనసు కాదు. ఒకే రోటిలో ఇద్దరు ఆడవాళ్లు మార్చి మార్చి వేసే పోట్లు, ఆ రోకళ్ల బరువు, వాళ్ల చేతుల బలం. ఒకరి రోకలి లేస్తుంటే ఇంకొకరిది పడాలి, లయ తప్పితే దెబ్బలు తగులుతాయి. ఆ లెక్కన కుర్రతనపు డ్రమ్ముల పరుగు ఎంత కల్పనో, ఈ తంబూర నిట్టూర్పు కూడా అంతే కల్పన. వాద్యాలు తగ్గిస్తే పాట తన మూలానికి చేరుతుందనేది సంగీత వ్యాపారం మనకు నేర్పిన భ్రమ. రోకలి మూలపడ్డాక ఆ పాటకు సొంత వేగం అంటూ లేదు. ఎవరి వయసును బట్టి వాళ్లు దానికి వేగం ఇచ్చుకుంటున్నారు. అన్న ఇస్తున్నది 58 ఏళ్ల వేగం, అమ్మమ్మది కాదు.

పాట ఎవరిదన్న ప్రశ్న కూడా ఇక్కడే తలెత్తుతుంది. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని లెక్కలో ఒకే పాటలో రెండు మూడు ఆస్తులు ఉంటాయి. కర్త ఎవరో తెలియకుండా తరాలుగా వస్తున్న రోకటి పాట ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా పాడుకోవచ్చు. కానీ ఆ పాటతో చేసిన ఫలానా రికార్డింగు, అది విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లపాటు, దాన్ని తీసిన నిర్మాతది. అన్న అప్పట్లో ఒక క్యాసెట్టు కంపెనీకి ఒకేసారి డబ్బు తీసుకుని సంతకం పెట్టాడు. కాగితంలో ఏముందో చదవలేదు, కంపెనీ ఇప్పుడు లేదు, హక్కులు ఎవరి చేతిలో ఉన్నాయో అడిగినా చెప్పేవాళ్లు లేరు. అంటే తన 32 ఏళ్ల గొంతును తాను తిరిగి విడుదల చేయాలంటే ఆయనకు 92 ఏళ్లు దాటాలి. అదే పాటను ఈ గొంతుతో మళ్ళీ పాడుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. చివరి చరణం ఆయనే కట్టి చేర్చాడు. అది ఆయన సాహిత్యం, ఒప్పందంలో రాసిచ్చేసి ఉండకపోతే బతికినంతకాలం ఆయనది, ఆ తర్వాత 60 ఏళ్లు వారసులది. 2012 సవరణ తర్వాత రాసుకునే ఒప్పందాల్లో కవి, స్వరకర్త తమ రాయల్టీ వాటాను వదులుకున్నా ఆ వదులుకోవడం చెల్లదు. ఆయన సంతకం దానికి చాలా ముందుది. తిరిగొచ్చిన గాయకులు పాత పాటలనే మళ్ళీ ఎందుకు పాడతారని విసుక్కునేవాళ్లు ఈ లెక్క కూడా చూడాలి. కొన్నిసార్లు అది జ్ఞాపకం, కొన్నిసార్లు సొంత ఇంటికి దొడ్డిదారిన వెళ్లడం.

డబ్బు గురించి రెండు ముక్కలు చాలు, ఎందుకంటే ఉన్నది కూడా అంతే. స్పాటిఫైలో ఒక పాటను కనీసం 30 సెకన్లు వింటేనే విన్నట్టు లెక్క. ఏడాదిలో 1,000 సార్లయినా వినకపోతే ఆ పాటకు రికార్డింగు రాయల్టీ రాదు, 2024 నుంచి ఇదీ నియమం. అన్న రోకటి పాట మొదట్లో తంబూర 40 సెకన్లు మోగుతుంది. "మాట వచ్చేలోపు వెళ్లిపోయేవాడు వెళ్లిపోనీ, వాడి కోసం కాదు" అంటాడు. ఇలా అనగలగడానికి కారణం వైరాగ్యం కాదు, పింఛను. తిరిగొచ్చిన ఆల్బమ్‌ల ప్రశాంతతలో ఈ పింఛను వాటా కూడా కొంత ఉంటుంది. ఇంటి అద్దె పాట మీద ఆధారపడని మనిషికి మొదటి పది సెకన్లలోనే చెవి లాగవలసిన అవసరం ఉండదు. అవసరం ఉన్నవాళ్లూ ఉన్నారు. మఠంలో కొన్నేళ్లు గడిపి వచ్చిన కోహెన్, మేనేజరు డబ్బంతా కాజేస్తే 73 ఏళ్ల వయసులో మళ్ళీ ఊరూరా తిరగాల్సి వచ్చింది. ఆ కచేరీలే ఆయనను కొత్త తరానికి దగ్గర చేశాయి.

పాటల వరుస సంగతి ఇంకా తేలలేదు. ఎల్పీ రికార్డుకు పక్కకు ఇరవై రెండు నిమిషాలు, క్యాసెట్టుకు పక్కకు అరగంట ఉన్నప్పుడు, ఎ సైడు చివరి పాట, బి సైడు మొదటి పాట అనేవి ఉద్యోగాల్లాంటివి, ఏ పాటను ఎక్కడ నియమించాలో తెలిసేది. ఫోనులో పక్కలు లేవు. అమెరికా గాయకుడు పాల్ సైమన్ 2023లో ఏడు భాగాల ఆల్బమ్‌ను 33 నిమిషాల ఒకే ముక్కగా విడుదల చేసి, మధ్యలో ఒక్క భాగాన్నీ విడిగా ఏరుకునే వీలు లేకుండా చేశాడు. అది చేస్తుండగానే ఆయన ఎడమ చెవి వినికిడి చాలావరకు పోయింది. అన్నకు ఆ పద్ధతి నచ్చింది గానీ అంత మొండితనం లేదు. రోకటి పాట మొదట పెట్టాలా చివర పెట్టాలా అని నాలుగు వారాలుగా తేల్చుకోలేక పోతున్నాడు.

పోయిన ఆదివారం తెల్లవారుజామున వెళ్లాను. ఆటోలు మొదలవకముందే పాడేయాలని ఆ వేళ పెట్టుకున్నాడు. మూడో ప్రయత్నంలో పాట బాగా కుదిరింది, రెండో చరణం ఊపిరి సరిగ్గా భావం దగ్గరే విరిగింది. అప్పుడే కింది వాటాలో కుక్కరు కూత వేసింది. తుడిచేద్దామా ఉంచుదామా అని వదినను పిలిచి వినిపించాడు. ఆవిడ హెడ్‌ఫోన్లు పెట్టుకుని చివరిదాకా విని, "కూత బాగానే ఉంది గానీ, రెండో చరణంలో అత్తమ్మ పాడే మాట మింగేశారు" అంది.

ఆయన తల ఊపి, లావు తీగను ఇంకో పిసరు దించి, మిగతా రెండు కూతలు అయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాడు.